జొన్నపిండిలో తలకట్టు

అవ్వ పెద్దదినం నాడు వాకిట్లో వేసిన పందిరి కింద కూర్చుని మావాళ్ళంతా ఒక లెక్క తేల్చలేక సతమతమయ్యారు. అవ్వకు ఎన్నేళ్ళు?

ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. పుట్టినరోజు తెలియని ముసలివాళ్ళకు మా పక్క చాలా ఇళ్ళలో అదే తేదీ. ఓటరు కార్డులో వయసుకూ రేషన్ కార్డులో వయసుకూ ఆరేళ్ళు తేడా. చివరికి హాలహర్వి మామ తేల్చాడు. ఆయన అవ్వ తమ్ముడి కొడుకు. "మా అత్త పెండ్లినాటికి హొస్పేటలో డ్యాము పని మొదలై మూడేండ్లు. ఆ మాట మా నాయన పదిసార్లు చెప్పె" అన్నాడు. తుంగభద్ర డ్యాము పని 1945లో మొదలైంది. పెండ్లినాటికి తనకు పద్నాలుగేళ్ళని అవ్వే చెప్పేది. అంటే 1934కు అటో ఇటో పుట్టింది. 2024 మాఘమాసంలో, హింగారి జొన్న కోతకొచ్చే రోజుల్లో పోయింది. తొంభై ఏళ్ళు.

ఆ తొంభై ఏళ్ళలో అవ్వ చూసిన దూరపు ఊళ్ళు మూడే. తిరుపతి, మంత్రాలయం, శ్రీశైలం. మిగతా బతుకంతా పుట్టింటికీ మెట్టింటికీ మధ్యనే గడిచిపోయింది. పుట్టిల్లు ఆలూరు తాలూకా హాలహర్వి. మెట్టిల్లు హగరి ఏటి పక్కన, మోకా దగ్గర మా పల్లె. తెల్లవారుజామున ఎద్దులబండి కడితే మధ్యాహ్నం బువ్వవేళకు చేరేంత దూరం. పెండ్లినాటికి రెండూ బళ్ళారి జిల్లాలోవే, రెండూ మద్రాసు రాష్ట్రంలోవే. ఇప్పుడు ఆ దారి మధ్యలో రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది. అవ్వ ఇల్లు మారలేదు, పొయ్యి మారలేదు. పెండ్లయి వచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రం, తర్వాత మైసూరు రాష్ట్రం, 1973లో దానికి పేరు మారాక కర్ణాటక. ఆమె బతుకు గురించి రాయాలని కూర్చుంటే నాకు ముందు ఆ సరిహద్దే కళ్ళకు కడుతుంది. ఎందుకంటే దాన్ని దాటడమే అవ్వ జీవితమంతా చేసిన పని. ఆ పనిని ఎవరూ పని అనుకోలేదు.

ఆ సరిహద్దు ఎట్లా పడిందో ఈ తరానికి కొంచెం చెప్పాలి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచాక ఆంధ్రరాష్ట్రం ఖాయమైంది. తెలుగూ కన్నడమూ కలగలిసిన బళ్ళారి జిల్లాను ఎటు ఇవ్వాలన్నది అప్పుడు పెద్ద చిక్కు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. హొస్పేట, సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి మైసూరుకు పోయాయి. మా ఊరున్న బళ్ళారి తాలూకా దగ్గర మాత్రం పేచీ తెగలేదు. జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా వచ్చి విచారణ జరిపి, ఆ తాలూకాను మైసూరులో కలపమన్నారు. 1953 అక్టోబరు 1న అట్లాగే జరిగింది. అవ్వ పుట్టిల్లు ఆంధ్రలోకి, కాపురం మైసూరులోకి. అంతటితోనూ అయిపోలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్ళారి తాలూకాను, సిరుగుప్ప, హొస్పేటలతో సహా, ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. మా ఊరిని అటు లాగి ఇటు లాగి, చివరికి ఉన్నచోటే ఉంచారు.

ఆ అక్టోబరు 1 నాటికి అవ్వకు పందొమ్మిదేళ్ళు. మా పెద్దత్త చంకబిడ్డ. ఆ రోజు గుర్తుందా అవ్వా అని ఒకసారి అడిగాను.

"ఏముంటాది పాపా. పొద్దున్నే లేస్తి, రొట్టెలు తడ్తి. మాపటికి మళ్ళా తడ్తి. మీ తాత సంతకు పోయొచ్చి, ఇంగ మనం మైసూరోళ్ళమంట అనె. యా మైసూరో ఏమో, మా అమ్మగారి ఊరు యాడుండేది ఆడే ఉందా అని అడిగితి. ఉంది అనె. ఇంగ నాకేం పని, కూకోని బువ్వ తిను అంటి."

అమ్మగారి ఊరు ఉన్నచోటే ఉంది. కానీ అక్కడి నుంచి గింజలు తెచ్చుకోవడానికి కట్టుబాట్లు వచ్చాయి. 1960లలో తిండిగింజల కొరత రోజుల్లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ధాన్యం తీసుకుపోవడానికి ఆంక్షలుండేవి. అవ్వ తమ్ముడు ప్రతి ఏడూ అక్కకు సారె తెచ్చేవాడు. గంపలో పైన పసుపు, కుంకుమ, రవికగుడ్డ, అత్తిరసాలు. అడుగున గుడ్డలో కట్టిన విత్తనపు జొన్నలు, రెండు శేర్లు. వాళ్ళ చేలో పండిన జొన్న గింజ తెల్లగా, గట్టిగా ఉండేది. అవ్వకు ఆ గింజ మీద ప్రాణం. ఆ రెండు శేర్లను తాత చేత మా చేలో వేరే సాళ్ళుగా విత్తించి, కంకులు వేరుగా కోయించి, బూడిద కలిపి కుండలో దాచేది. మా ఇంట ఆ జొన్న ఎన్నో ఏళ్ళు పండింది. మా నాయన దానికి పెట్టిన పేరు 'అమ్మమ్మోళ్ళ జొన్న'.

రొట్టె గురించి తీరిగ్గా చెప్పాలి. రొట్టె చెప్పకపోతే అవ్వను చెప్పినట్టే కాదు.

బళ్ళారి చుట్టూ నల్లరేగడి. వాన తేమను పట్టి ఉంచుకునే నేల. ముంగారి పంట తర్వాత, వానలు వెనకబడే రోజుల్లో హింగారి జొన్న విత్తితే ఆ తేమతోనూ చలికాలపు మంచుతోనూ పండుతుంది. అందుకే మా తిండి రొట్టె. వరన్నం పండగనాడే. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు ఇంట్లో పద్నాలుగు మంది. తెల్లవారక ముందే పొయ్యి ముట్టించేది. వెడల్పాటి చెక్క పళ్ళెంలో పిండి పోసి, నడిమధ్య గుంత చేసి, సలసల కాగే నీళ్ళు అందులో పోసేది. పుల్లతో ఒక చుట్టు కలిపి, వేడి తగ్గకముందే చేయి పెట్టేది. గోధుమపిండిలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది, అందుకే చపాతీ సాగుతుంది. జొన్నలో అది లేదు. కాగే నీళ్ళు పడినప్పుడు పిండిలోని గంజి పదార్థం ఉడికి, దాని బదులు పట్టు ఇస్తుంది. నేను ఈ సంగతి పుస్తకంలో చదివాను. అవ్వ దాన్ని ఒక్క మాటలో 'జిగి' అనేది. "జిగి చూసి నీళ్ళు పోయల్ల పాపా. నీళ్ళు చూసి పిండి పోస్తే రొట్టె నీ మాట వినదు."

అరచేతి అడుగుతో ముద్దను అదిమి అదిమి పిసికేది. పొడిపిండి చల్లి ముద్దను దాని మీద పెట్టి, కుడిచేత్తో తడుతుంటే ఎడమచెయ్యి అంచును సర్దుతుండేది. రొట్టె తనంతట తానే గిరగిరా తిరుగుతున్నట్టు ఉండేది. తట్టినకొద్దీ గాజుల చప్పుడు. నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. తర్వాత రెండు చేతుల్లోకి ఎత్తి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేది. ఆ తడి ఆరేలోపు తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే నెర్రెలిస్తుంది. ఇంకోవైపు కాలాక పెనం మీంచి తీసి పొయ్యి నోటిదగ్గర నిప్పుల వైపు నిలబెడితే పూరీలా పొంగేది. పొంగిన రొట్టె నడినెత్తిన అవ్వ వేలితో ఒక చిన్న చిల్లు పొడిచేది, ఆవిరి పోవడానికి. ఆ వేలి కొస నల్లగా, గట్టిగా, బెరడులా ఉండేది. నేను చిన్నప్పుడు ఆ వేలిని పట్టుకుని బడికి పోయేదాన్ని.

పిండి పాతబడితే జిగి పోతుంది. అందుకే వారం పది రోజులకోసారి మిషన్‌కు పోయి తాజాగా ఆడించుకు రావాలి. పాతపిండి పారేయడం మాత్రం అవ్వ దగ్గర లేదు. గుప్పెడు పిండిని నీళ్ళలో గంజిలా కాచి, ఆ గంజితో మిగతా పిండి కలిపేది. వానాకాలంలో మిషన్ దగ్గరికి దారి మూసుకుపోయిన రోజుల్లో మేము తిన్నవన్నీ ఆ రొట్టెలే.

నేనొకసారి లెక్క వేశాను. రోజుకు ముప్పై చొప్పున యాభై ఏళ్ళు అనుకున్నా ఐదు లక్షల రొట్టెలు దాటతాయి. అవ్వకు చెబితే నమ్మలేదు. "అన్ని యాడివే? పొద్దున చేసిండేటివి మాపటికి ఉండవు" అంది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, పేపర్లో జొన్న బొమ్మ చూపించి చదివి వినిపించాను. "జొన్నకు ఒక ఏడే ఇచ్చిరా?" అని దిగులుపడింది. ఆమె దిగులు నిజమైనదే. అటువైపు ఆంధ్రలో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఇటువైపు డ్యాము కాలువ పారిన చోటల్లా వరి వచ్చింది, 2013లో అన్నభాగ్య పథకం బియ్యం వచ్చాయి. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. 1950ల మొదట్లో రాయలసీమ కరువులో గంజికేంద్రాల ముందు వరసలు చూసిన అవ్వకు బియ్యం విలువ బాగా తెలుసు. కాకపోతే మా ఊళ్ళో రొట్టె తట్టగల చేతులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఇప్పుడు బళ్ళారి బజారులో రొట్టెలు డజన్ల లెక్కన కొంటున్నాం.

బయటివాళ్ళు బళ్ళారి తెలుగు అనగానే నాటకాలు తలుచుకుంటారు. తప్పులేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టింది ఇక్కడే. కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసింది ఇక్కడే. బళ్ళారి రాఘవ పేరుతో ఊళ్ళో కళామందిరం ఉంది. రాఘవ 1946లో పోయేనాటికి అవ్వకు పన్నెండేళ్ళు. ఆమె ఆయన నాటకం చూడలేదు. ఏ నాటకమూ చూడలేదు. కానీ 1953 తర్వాత మా ఇళ్ళలో తెలుగు నిలిచింది అంటే, వేదికల మీద నిలిచిన తెలుగు ఎంత కారణమో పొయ్యి దగ్గర నిలిచిన తెలుగూ అంత కారణం. రెండోదాన్ని ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను కన్నడ మీడియంలో చదువుకున్నాను. మా బళ్ళో తెలుగు లేదు. అవ్వ పుట్టింట్లో ఉన్నప్పుడు మూడో తరగతి దాకా పెద్దబాలశిక్షతో చదువుకుంది. ఒకరోజు, నాకు ఏడేళ్ళప్పుడు, ఆమె రొట్టెలు తడుతుంటే ఎదురుగా కూర్చుని, పళ్ళెంలో మిగిలిన పొడిపిండి మీద వేలితో బళ్ళో నేర్పిన కన్నడ 'ద' రాశాను. అవ్వ చేయి ఆపి చూసింది. బొటనవేలితో ఆ అక్షరం నెత్తిమీది అడ్డగీతను తుడిచేసింది. చూపుడువేలితో అక్కడ చిన్న తలకట్టు పెట్టింది.

"ఇప్పుడు ఇది మన ద."

నేను నోరు తెరుచుకుని చూశాను. తర్వాత 'గ' రాశాను. గీత తుడిచింది, తలకట్టు పెట్టింది. 'న' రాశాను. అదీ అంతే. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి పిల్లలు. కొన్ని వందల ఏళ్ళ కిందటిదాకా రెండింటికీ ఒకే లిపి. చాలా అక్షరాలకు ఇప్పటికీ ఒంటి ఆకారం ఒకటే, తలమీదే తేడా. ఈ సంగతి లిపి శాస్త్రవేత్తలు శాసనాలు చదివి చెబుతారు. నేను జొన్నపిండిలో చూశాను. 'క', 'త' లాంటివి అంత సులభంగా లొంగలేదు. వాటిని అవ్వ కొత్తగా రాసి చూపించేది, నేను దిద్దేదాన్ని, ఆ పిండే మళ్ళీ రొట్టె కిందికి పోయేది. రెండు నెలల్లో నాకు తెలుగు చదవడం వచ్చింది. ఈ పత్రికలో ఈ అక్షరాలు మీ ముందు ఉన్నాయంటే ఆ బొటనవేలే కారణం.

అట్లాగని అవ్వకు కన్నడం మీద కోపం ఏమీ లేదు. ఆమె తెలుగులోనే సగం కన్నడం. చాలు అనేది కాదు, 'సాకు' అనేది. కొంచెం అనేది కాదు, 'సొల్పం' అనేది. మాకు జ్యేష్ఠ పున్నమి ఏరువాక, అదే రోజు పక్కింటికి కారహుణ్ణిమె. రెండిళ్ళ ఎద్దులకూ ఒకే గిన్నెలో రంగు కలిపేవాళ్ళు. ఆ తర్వాత పదిహేను రోజులకు వచ్చే మన్నెత్తిన అమాసకు చెరువు మట్టి తెచ్చి అవ్వ ఎద్దుల బొమ్మలు చేసేది, రెండు మా గూట్లో పెట్టి రెండు పక్కింటికి పంపేది. పక్కింటి ముసలామెది కన్నడం. ఆమె కన్నడంలో అడిగితే అవ్వ తెలుగులో చెప్పేది. అరవై ఏళ్ళు అట్లాగే మాట్లాడుకున్నారు. ఎవరూ భాష మార్చలేదు, ఎవరికీ అర్థం కాకపోలేదు. అవ్వ పోయిన పొద్దున ఆమె కర్ర పట్టుకుని వచ్చి తల దగ్గర కూర్చుంది. "నన్నిడిచిపెట్టి యాడికి పోతివే అక్కా" అని ఏడ్చింది. ఆమె నోట తెలుగు వినడం నాకు అదే మొదలు.

మరణ ధ్రువీకరణ కోసం వివరాలు ఇవ్వడానికి పోతే అక్కడ వృత్తి అనే గడి దగ్గర మా నాయన ఆగిపోయాడు. చివరికి 'గృహిణి' అని రాశాడు. జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్ళను పనిచేసేవాళ్ళ కింద లెక్కపెట్టరు. 2010లో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి పరిహారం కేసులో, గృహిణులను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టడాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా సర్వే చేసి, ఎవరి రోజు ఎట్లా గడుస్తోందో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. 299 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. అవ్వకు రొట్టెలూ నీళ్ళూ పేడా ఇవే ఐదు గంటలు దాటేవి. మందికి వడ్డించడం, బాలింతలను చూడడం, బొంతలు కుట్టడం, హాలహర్వికి ఏ పెండ్లికి ఏం పంపాలో గుర్తుపెట్టుకోవడం వేరే. ఆఖరిది ఏ సర్వేలోనూ పట్టదు. కానీ రాష్ట్రాలు విడిపోయిన డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా అటువైపు వాళ్ళకు మేము, మాకు వాళ్ళు చుట్టాలుగా మిగిలామంటే ఆ గుర్తుపెట్టుకోవడం వల్లనే.

2023 ఆగస్టులో కర్ణాటకలో గృహలక్ష్మి పథకం మొదలైంది. ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు. మా రేషన్ కార్డులో పెద్ద ఆడమనిషి అవ్వే కాబట్టి డబ్బు ఆమె ఖాతాలో పడింది. నా ఫోన్లో మెసేజ్ చూపిస్తే అక్షరాలు కనబడక, "ఎవరు పంపిరి?" అంది. సర్కారు అన్నాను. "నేనేం చేస్తినని?" అంది. ఆ మాటకు నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్ళు చేసినదానికి అవ్వా అన్నాను. కాసేపు ఊరుకుని, "మా తమ్ముని ఇంటికి పోయినప్పుడు పిల్లోళ్ళ చేతిలో పెడ్తా" అంది. ఐదు నెలల డబ్బు మడిచి, పాత రవికగుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది. పోవడం కుదరలేదు. పెద్దదినం నాడు మా నాయన ఆ గుడ్డను అట్లాగే తీసి మామ చేతికి ఇచ్చాడు.

మరునాడు చుట్టాలు కదులుతున్నారు. మామ బస్సుకు ఇంకా గంట ఉంది. వంటింట్లో డబ్బా మూత తీస్తే అడుగున జొన్నపిండి కనిపించింది. అవ్వ మంచం పట్టక ముందు ఆడించింది, ఇరవై రోజులు దాటింది. గుప్పెడు తీసి గంజి కాచాను. ఆ గంజితో కలిపి, పిసికి, తట్టాను. పెనం మీద వేసేసరికి అంచున మూడుచోట్ల విచ్చుకుంది. పొంగలేదు. అదే మామ పళ్ళెంలో పెట్టి, పక్కన పప్పు వేశాను.

మామ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"పిండి పాతదా కోడలా?"

"అవ్వ ఆడించిన పిండి, మామా."

ఆయన ఇంకేమీ అనలేదు. పళ్ళెంలో రాలిన పొడిని కూడా వేలితో అద్దుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"డబ్బాలో ఇంకా ఉందా?"

"ఉంది మామా."

"ఇంకొకటి తట్టు."